పెదవులు కనబడే బొమ్మ

మా ఆవిడ పెదవులు చూసి మాటలు పట్టుకుంటుందని నాకు పెళ్లయిన చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. తెలిశాక కూడా దాన్నొక వింతగా చూసి నవ్వుకున్నానే తప్ప, ఆ విద్య ఆమెకు ఏ రోజుకైనా అవసరపడుతుందని అనుకోలేదు.

జనగామలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో ఆమె చాలా కాలం పనిచేసింది. పత్తిలోంచి గింజ వేరుచేసే మిషన్లు వరసగా నడుస్తుంటే పక్కన నిలబడ్డ మనిషి అరిచినా వినపడదు. అయినా అక్కడి ఆడవాళ్లు పొద్దంతా మాట్లాడుకుంటూనే ఉండేవాళ్లు. పత్తి కుప్పకు ఇటు ఒకరు, అటు ఒకరు నిలబడి, గొంతు ఎత్తకుండా, పెదవులు మాత్రం కొంచెం ఎక్కువగా కదిపి. ఎవరి ఇంట్లో ఏం కూర, ఎవరి అత్త ఏమన్నది, మేస్త్రీ చొక్కాకు గుండీ ఎందుకు లేదు, అన్నీ ఆ చప్పుడు కిందే సాగేవి. ఒకసారి టిఫిను ఇవ్వడానికి వెళ్లి గుమ్మంలో నిలబడి చూశాను. మాట ఒక్కటీ వినపడలేదు గానీ ఆడవాళ్లందరూ ఒకేసారి నవ్వారు. నన్ను చూసే నవ్వారని సాయంత్రం మా ఆవిడ చెప్పింది. ఏమన్నారో మాత్రం చెప్పలేదు.

ఆ మిషన్లే ఆమె చెవులను కొంచెం కొంచెంగా తీసుకున్నాయి. మిల్లు మానేసేనాటికి కుడి చెవి పూర్తిగా పోయింది. తర్వాత ఎడమది కూడా. వరంగల్ దవాఖానలో చెవికి పెట్టుకునే మిషను ఇచ్చారు. అది పెట్టుకుంటే మాటకంటే ముందు గిన్నెల చప్పుడు, ఫ్యాను చప్పుడు చెవిలోకి దూకుతున్నాయని తీసి డబ్బాలో పెట్టింది. జబర్దస్తీ చేయొద్దని డాక్టరు కూడా అన్నాడు.

నా ఉద్యోగం బస్సులో. కండక్టరుగా జనగామ నుంచి నర్మెట్ట వైపు, వరంగల్ వైపు తిరిగాను. పొద్దున ఎక్కినప్పటి నుంచి దిగేదాకా మాటలే. ముసలమ్మలతో పరాచికాలు, చిల్లర కోసం తగాదాలు, పత్తి మూటలు ఎక్కించే రైతులతో బేరాలు. ఇంటికి వచ్చేసరికి నా నోరు అలిసిపోయేది. అలిసిపోయిందని నేను అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే అది అలసట ఒక్కటే కాదు. ఆమెతో మాట్లాడాలంటే లేచి ఎదురుగా వెళ్లాలి, ముఖం చూడాలి, ఒకటికి రెండుసార్లు చెప్పాలి. నేను చొక్కా విప్పుతూ గోడకేసి మాట్లాడేవాణ్ణి. ఆమె "ఏంది?" అనేది. మళ్లీ అనేవాణ్ణి, ఈసారి గట్టిగా. గట్టిగా అంటే ఉపయోగం లేదని తెలిసి కూడా. మళ్లీ "ఏంది?" అనేది. "ఏం లేదులే" అనేసేవాణ్ణి.

అలా ఎన్ని మాటల్ని మధ్యలో తుంచేశానో లెక్క లేదు. కొన్నాళ్లకు ఆమె "ఏంది?" అనడం మానేసింది. నాకు హాయిగా అనిపించింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజంగానే హాయిగా అనిపించింది.

రిటైరయ్యాక ఇద్దరమే ఇంట్లో. బిడ్డ భూపాలపల్లిలో ఉంటుంది, అల్లుడిది బొగ్గు గనిలో పని. ఒకసారి బిడ్డ వచ్చి రెండు రోజులుంది. వెళ్లే ముందు బస్టాండులో నన్ను పక్కకు పిలిచింది.

"బాపూ, అమ్మతోని మాట్లాడుతున్నవా?"

"మాట్లాడుతనే ఉన్న గదా."

"పొద్దటిసంది ఏం మాట్లాడినవ్? చెప్పు."

గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. చాయ్ అడిగాను. గేటు వేశావా అని అడిగాను. అంతకుమించి ఏమీ దొరకలేదు. బిడ్డ నన్ను ఏమీ అనలేదు. అమ్మ వాకిట్లో ఆడవాళ్ల దగ్గర కూడా కూర్చోవట్లేదని, అడిగితే తలనొప్పి అంటోందని, అందరి మాటల్లోంచీ మెల్లగా బయటికి వెళ్లిపోతోందని భయంగా ఉందని మాత్రం చెప్పి బస్సెక్కింది.

నేను ఇంటికి నడుచుకుంటూ వచ్చాను. బిడ్డ చెప్పింది నాకు అర్థమైంది. చేయాల్సింది కూడా తెలుసు. అయినా అది చేయకుండా వెళ్లి పెద్ద టీవీ కొన్నాను. ఆమెకు కాలక్షేపం ఉంటుంది, బిడ్డ ముందు నాకు మాట ఉంటుంది. మనసులో ఉన్న లెక్క అదే.

షాపువాళ్లు వచ్చి గోడకు బిగించి, పాత డిష్ డబ్బాకున్న ఎరుపు, తెలుపు, పసుపు వైర్లనే దీనికి గుచ్చి వెళ్లిపోయారు. బొమ్మ గోడంత వచ్చింది. అందరి ముఖాలూ అటూ ఇటూ సాగి, పెళ్లి భోజనం చేసి వచ్చినట్టు బూరెలయ్యాయి. సన్నగా ఉండే వార్తల అమ్మాయి కూడా ఒక్కరోజులో ఒళ్లు చేసింది. నాకదేమీ తప్పుగా కనిపించలేదు. మా ఆవిణ్ణి పిలిచి ముందు కూర్చోబెట్టాను. కాసేపు చూసి, లేచి, చాటలో బియ్యం పోసుకుని వాకిట్లోకి పోయింది.

నాకు కోపం వచ్చింది. వెనకాలే వెళ్లి, ఎదురుగా నిలబడి, ఎందుకు లేచావని అడిగాను. చాలా రోజుల తర్వాత ఆమెకు ఎదురుగా నిలబడటం అదే కావచ్చు.

"మొఖాలు పెద్దగైనయి గని మూతులు మసకగున్నయి," అన్నది. "చిన్న టీవీల గిట్లనే ఉండె. పెద్దదాంట్ల ఇంకింత మసకయినయి."

ఇన్నేళ్లూ టీవీ ముందు కూర్చుని ఆమె చూస్తున్నది మూతులని నాకు అప్పుడు తెలిసింది. చీరలు చూస్తోందని నేను అనుకున్నాను.

ఆ పూట నేను సిగ్గుపడ్డాను గానీ, అంతకంటే ఎక్కువగా పట్టుదల వచ్చింది. మనిషితో చేయలేని పనిని మిషనుతో చేయడం నాకు తేలిక. విచారిస్తే, టీవీ కొత్తదైతే చాలదని, డబ్బా కూడా హెచ్‌డీది ఉండాలని, మూడు రంగుల వైర్లు కాకుండా ఒకే ఒక్క మందపాటి వైరు పెట్టాలని, డిష్ కూడా సరిగ్గా తిప్పి పెట్టకపోతే హెచ్‌డీ చానెళ్లు ముక్కలు ముక్కలవుతాయని చెప్పారు. డిష్ పెట్టే మనిషికి ఫోన్ చేశాను.

అతను మేడ ఎక్కి చూసి పైనుంచే నవ్వడం మొదలుపెట్టాడు. మా వాడలో కోతుల బాధ ఎక్కువ. అవి డిష్ పట్టుకుని ఊగుతాయని నేను దాని చుట్టూ తుమ్మ కంప కట్టాను. మా వాడలో అందరూ అంతే. అందరూ స్తంభానికి కడితే, నేను ఇంకాస్త జాగ్రత్తపడి డిష్ ముందు భాగానికి కూడా అడ్డంగా కట్టి, ఇనుప తీగతో బిగించాను.

"కాకా, కోతులు రాకుండ కట్టినవా, సిగ్నల్ రాకుండ కట్టినవా?" అన్నాడు.

కంప తీసేసి, డిష్ తిప్పడం మొదలుపెట్టాడు. అతని చేతి మీటరు చార్జింగు అయిపోయింది. అందుకని నేను టీవీ ముందు నిలబడి, తెర మీద క్వాలిటీ గీత ఎక్కడిదాకా పెరిగిందో చెప్పాలి. రెండు చేతులతో డిష్ పట్టుకున్నాడు కాబట్టి ఫోను పట్టుకోలేడు, అరవాల్సిందే. మొదట్లో బాగానే నడిచింది. అంతలో మా ఇంటి వెనకాల పట్టాల మీద గూడ్సు బండి వచ్చింది. డబ్బాల మీద డబ్బాలు, ఎంతకీ తరగడం లేదు. నేను లోపలి నుంచి "పెరిగింది, ఆపు" అని అరుస్తున్నాను. అతను పైనుంచి ఏదో అరుస్తున్నాడు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. గీత పెరిగి, మళ్లీ పడిపోతోంది.

వాకిట్లో గిన్నెలు తోముతున్న మా ఆవిడ తలెత్తి మేడ వైపు చూసింది. లేచి, తడి చేతులతో గుమ్మంలోకి వచ్చి, నాతో మామూలుగా అన్నది:

"ఎడమకు తిప్పాల్నా, కుడికి తిప్పాల్నా అని అడుగుతుండు. మెడ నొస్తుందట. తొందరగ చెప్పు."

 రైలు చప్పుడు ఆమెకు లేదు. నాకుంది, మేడ మీద అతనికుంది. ఆ కాసేపు మా ముగ్గురిలో బాగా వినపడుతున్నది ఆమెకే. ఎడమకు అని చెప్పాను. ఆమె వాకిట్లోకి పోయి చెయ్యి చూపించింది. అతను తిప్పాడు. మళ్లీ వచ్చి, "ఇంత సరిపోతదా అంటుండు," అన్నది. ఇంకా కొంచెం అన్నాను. పోయింది, వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు ఆమె ముఖంలో ఒక వెలుగు ఉంది. మిల్లు గుమ్మంలోంచి నేను చూసిన ముఖం అది.

బండి వెళ్లిపోయింది. ఇక నేను అరిచినా వినపడుతుంది. కానీ ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది, ఇంకా ఏమైనా చెబుతానేమోనని. నేను అరవలేదు. "ఇగ చాలు, గట్టిగ బిగించుమను," అని ఆమెకే చెప్పాను.

దిగివచ్చాక అతను అన్నీ సరిచేశాడు. కొత్త డబ్బా, కొత్త వైరు. సాగదీసిన బొమ్మను మామూలు కొలతకు తెచ్చాడు. షాపులో మెరవడానికి పెట్టిన రంగులు తగ్గించాడు. ఇక ఎవరి ముఖం వాళ్లది అయింది. అతను వెళ్లాక నేను అలవాటు కొద్దీ పాత చానెల్ నంబరే నొక్కి, అదే మసక బొమ్మ చూసి, ఇంత చేసినా ఇంతేనా అని పరేషానయ్యాను. అతనికి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను కూడా. హెచ్‌డీకి వేరే నంబరుంటుందని నెమ్మదిగా చెప్పాడు. ఫోన్ పెట్టేశాక, అరిచినందుకు మళ్లీ చేసి ఏమీ అనుకోవద్దని చెప్పాను. ముందు అరిచి తర్వాత సర్దుకోవడం నాకు కొత్త కాదు, అయితే ఇంతకుముందు ఆ రెండో ఫోన్ చేసేవాణ్ణి కాదు.

వార్తలు పెట్టాను. ఆ అమ్మాయి పెదవుల మీది చిన్న పగులు కూడా కనబడుతోంది. మా ఆవిడ మంచం అంచున కూర్చుని, మెడ కొంచెం ముందుకు పెట్టి చూసింది.

"వానలు పడుతయట," అన్నది చాలాసేపటికి. తర్వాత, "గీమెది ఆంధ్ర మాట. మూతి సన్నగ తిప్పుతంది. జర అలవాటు గావాలె," అన్నది.

రెండు రోజులు వార్తలే చూసింది. మూడోనాడు ఆమె అసలు కోరిక బయటపడింది. సాయంత్రం వచ్చే ఒక సీరియలు. మా వాడలో ఆడవాళ్లందరూ చూసేది అదే. పొద్దున వాకిళ్లు ఊడ్చేటప్పుడు ఆ కథే మాట్లాడుకుంటారు. వాళ్ల మధ్య నిలబడితే పెదవులు కనబడతాయి గానీ, ఎవరి గురించి మాట్లాడుతున్నారో ఆమెకు తెలియదు. తలనొప్పి అని లోపలికి రావడం అందుకే. అది చూస్తే పొద్దున్నే తనూ ఒక మాట అనొచ్చు. ఆమెకు కావలసిందంతా అదే.

పెట్టాను. బొమ్మ అద్దంలా ఉంది. ఆమె చూస్తూ చూస్తూ నొసలు ముడిచింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

"మంచిగ లేదు," అన్నది.

నేను రిమోటు తీసుకుని ఉన్న సెట్టింగులన్నీ తిప్పాను. వెలుగు పెంచాను, తగ్గించాను. అంచులు కోసినట్టు కనబడేలా చేశాను. ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. మర్నాడు మేడ ఎక్కి డిష్ కూడా తుడిచాను. సాయంత్రం మళ్లీ అంతే. నాలో పాత విసుగు లేచింది. ఇంత చేస్తే ఇంకేం కావాలట అని గోడకేసి గొణిగాను. గోడకేసి అన్నాను కాబట్టి ఆమెకు తెలియలేదు. తెలియదనే ధైర్యంతోనే అన్నాను.

ఆమె తెర దగ్గరికి వెళ్లి, ఆ సీరియల్లో అత్త పాత్ర ముఖానికి ఎదురుగా నిలబడింది. తర్వాత నవ్వింది.

"టీవీల తప్పు లేదు. గీమె హిందీల మాట్లాడుతంది," అన్నది.

"తెలుగే మాట్లాడుతున్నది. నాకినబడ్తలేదా?"

"నీకినబడేది వేరేటోళ్ల గొంతు. మూతి మాత్రం హిందీదే. మిల్లుల బీహారోళ్లు ఉండేది గదా పనికి. వాళ్ల మూతులు గిట్లనే తిరిగేది."

అప్పుడు చూశాను. చెవులున్న నేను రెండు సాయంత్రాలు ఆ సీరియలు ముందు కూర్చుని కూడా, పెదవులు ఒకటి, మాట ఒకటి అని గమనించలేదు. హిందీలో తీసి తెలుగు గొంతులు అతికించింది అది. మిషను చేయగలిగినదంతా చేసేసింది. మాటలు తెరలో లేవు. అవి నా చెవుల్లో మాత్రమే ఉన్నాయి.

ఆమె వెనక్కి వచ్చి మంచం మీద కూర్చుంది. నన్ను చూసి, మొహమాటంగా, పరాయి మనిషిని అడిగినట్టు అడిగింది:

"ఏమంటందామె?"

నాలుక చివరిదాకా "ఏం లేదులే" అనే ఆ పాత జవాబు వచ్చింది. దాన్ని ఎలా ఆపుకున్నానో చెప్పలేను. పౌరుషం కాదు, మంచితనం కూడా కాదు. ఆమె అడిగిన తీరు చూసి భయం వేసింది. ఈసారి ఏమీ చెప్పకపోతే ఇక ఎప్పటికీ అడగదని తెలిసిపోయింది. బిడ్డ బస్సెక్కే ముందు చెప్పిన భయం నాకు అప్పుడు పట్టుకుంది.

ప్లాస్టిక్ కుర్చీ తీసి టీవీ పక్కన, ఆమెకు ఎదురుగా వేసుకుని కూర్చున్నాను. మెడ తిప్పితే తప్ప తెర నాకు కనబడదు, గొంతులు వినబడతాయి. అత్త ఏమంటోందో విని ఆమెకు చెప్పాను. ఆమె కళ్లు తెర మీదికి పోయి, నా మీదికి వచ్చి, మళ్లీ తెర మీదికి పోయాయి. కాసేపటికి చెయ్యి ఎత్తి నన్ను ఆపింది.

"నీ మీసాలు అడ్డమొస్తున్నయి. పై పెదవి ఏడ పోయిందో కనవడ్తలేదు."

మర్నాడు మంగలి షాపులో మీసం పై పెదవి దాకా కత్తిరించమన్నాను. రిటైరయ్యాక మళ్లీ పెళ్లా అని అక్కడున్నవాళ్లు ఆటపట్టించారు. ఇంటికొస్తే ఆమె నా ముఖం కేసి చూసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, వంటింట్లోకి పోయింది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం నా పని అదే. మొదట్లో ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి. ఆ సీరియలు తెలుగు మా నోట పలకదు, నా పెదవుల మీద ఆమెకు అర్థమూ కాదు. అందుకని మా మాటలోకి మార్చి చెప్పడం మొదలుపెట్టాను. పట్టుచీర కట్టుకున్న అత్త మా ఇంట్లో కోడల్ని "ఏందే, నీ అయ్య సొమ్మా గిది?" అంటుంది. అలవాటు లేక తొందరపడతాను, ముఖం తిప్పేస్తాను. మా ఆవిడ పుట్టిన ఊరు కొత్తగూడ వైపు. అక్కడ వాళ్ల అన్న ఇంట్లో ఎవరైనా సరే ముందు ఆమె భుజం తట్టి, ఆమె చూశాకే మాట్లాడతారు. అది ఎన్నోసార్లు చూసి కూడా, అతి చేస్తున్నారనుకున్నాను. ఇప్పుడు నేనూ ఆమె కళ్లు నా మీదికి వచ్చేదాకా ఆగుతున్నాను. ఇంకా కొన్నిసార్లు మరిచిపోతాను. అప్పుడు ఆమె మంచం పట్టె మీద కొడుతుంది.

పొద్దున వాకిలి ఊడుస్తూ ఆమె పక్కింటామెతో మాట్లాడటం కిటికీలోంచి చూశాను. కోడలిది కూడా తప్పేనని వాదిస్తోంది. పక్కింటామె ఒప్పుకోవట్లేదు. ఇద్దరూ చీపుర్లు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.

మొన్న ఒక సాయంత్రం గట్టి వాన పట్టింది. కోడలు సంచి సర్దుకుని ఇల్లు వదిలి పోతుండగా బొమ్మ గళ్లు గళ్లుగా విరిగి, ఆగిపోయి, తెరంతా నీలం అయింది. మబ్బు పడితే డిష్‌కు అంతే. నేను కుర్చీలో అలాగే కూర్చున్నాను. ఆమె కూడా కదల్లేదు. తెర కేసి ఒకసారి చూసి, చూపు మళ్లీ నా ముఖం మీదికే తెచ్చుకుంది.

చెప్పడానికి సీరియలు లేదు. వాన చప్పుడు నాకుంది, ఆమెకు లేదు. చాలా ఏళ్లుగా అనాల్సింది ఒకటి ఉంది. గోడకేసి అనడానికి వీల్లేనిది.

"నీ చెవులు మిల్లు తీసుకున్నది," అన్నాను. "ఇంట్ల మాట మాత్రం నేనే బంద్ జేసిన."

ఆమె నా పెదవులే చూస్తోంది. ఒక్క మాటా జారిపోలేదని తెలుస్తోంది.  తర్వాత మోకాలి మీది చీర సర్దుకుంది.

"గది నాకెరుకే," అన్నది. "గా పిల్ల ఇల్లిడిసి పోయిందా, లేదా? గది చెప్పు."

తెర ఇంకా నీలంగానే ఉంది.

"గడప దాకా వచ్చింది," అన్నాను. "బయట వాన. సంచి కింద పెట్టి, కూసున్నది."

ఆమె కళ్లు చిన్నవి చేసి నన్ను చూసింది.

"గది నువ్వు కల్పిస్తున్నవ్."

"అవ్."

"కల్పించు గని," అన్నది, మంచాన్ని కొంచెం నా వైపు జరుపుకుంటూ. "అత్త ఏమన్నది మరి?"